మొక్కల వెంట వెళ్ళిన మనిషి

మా బావగారు పోయారని పోయిన నెల ఓ మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ వచ్చింది. ఎక్కడో ఈశాన్యం కొండల్లో, చిన్న విమానాలు మాత్రమే దిగే చోట, ఆయన ఎక్కిన విమానం దిగబోతూ మబ్బులో దారి కనపడక కొండకి కొట్టుకుందట. ఎవరూ మిగల్లేదు.

ఆయన మా అక్క భర్త. కడియంలో నర్సరీ. మొక్కలు లారీకెక్కితే అందరికీ పని అయిపోతుంది, ఈయనకి అప్పుడు మొదలయ్యేది. తువ్వాలు భుజాన వేసుకుని డ్రైవర్ పక్కన ఎక్కేసేవారు. ఎంత దూరమైనా సరే, మొక్క అక్కడ చిగురేసేదాకా ఉండి వచ్చేవారు. ఎందుకండీ ఈ తిరుగుడు అంటే, "కొత్త చోట బెంగెట్టుకుంటాయండి. తెలిసిన మొహం ఒకటి కనపడాలి కదా" అనేవారు.

నాకు మాటలు తక్కువ. పెళ్ళి భోజనాల్లో పెరుగు అడగలేక లేచొచ్చేసేవాణ్ణి. అది ఎప్పుడు కనిపెట్టారో గానీ, తర్వాత ఏ పంక్తిలోనైనా నా పక్కనే కూర్చుని "మా బామ్మర్దికి పెరుగండీ" అని కేకేసేవారు. నలభై ఏళ్ళు నా పెరుగు ఆయనే అడిగారు. వేళాకోళమూ ఆయనదే. "ఏంటి బామ్మర్దీ, ఇవాళ్టి మాట వాడేశావా, ఇంకా ఉందా?"

ఈసారి నారింజ అంటుమొక్కలు కొండల్లోకి పంపాలి. ఆయన మోకాళ్ళు వాచి ఉన్నాయి. వారం రోజుల లారీ ప్రయాణం. ఎవరూ అడక్కుండానే నేను నోరు తెరిచాను.

"విమానంలో వెళ్ళండి బావగారూ. లారీకి ఎదురెళ్ళొచ్చు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇన్నాళ్ళకి ఒక సలహా ఇచ్చావు. కాదంటే మళ్ళీ నోరిప్పవు" అని టికెట్ తీయించారు.

పెద్దకర్మ అయ్యేదాకా ఆ మాట నా గొంతులోనే ఉంది. చుట్టాలు వెళ్ళిపోయాక అక్క దగ్గర కూర్చున్నాను. "విమానం ఎక్కమన్నది నేనే అక్కా" అన్నాను.



"తెలుసురా. 'నా మోకాళ్ళ సంగతి మా బామ్మర్దికి పట్టిందే' అని వీధంతా చెప్పుకున్నారు. అంత మురిసిపోయిన మాట. ఇప్పుడు తప్పంటే ఆయన ఊరుకోరు."

అక్క కొంగు బిగించి లేచి, గొట్టం అందుకుని మొక్కలకి నీళ్ళు పెట్టడం మొదలెట్టింది. గొట్టం మడత పడ్డ చోటల్లా సరిచేస్తూ నేను వెనకే నడిచాను. ఆఖరి వరస తడిసేసరికి ఇద్దరి కాళ్ళూ మోకాళ్ళదాకా బురద.