ఆయుధ పూజకు రెండు సర్వర్లు

మైదుకూరులో రాజశేఖర్‌ను ఇప్పటికీ కేబుల్ రాజశేఖర్ అనే అంటారు. ఇరవై ఏళ్లు ఇంటింటికీ టీవీ తీగలు లాగి, తర్వాత ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు వేల ఇళ్లకు ఆయనదే నెట్. తనకు తెలియని పని గురించి తెలిసినవాళ్ల మీద అరవడమే యజమాని పని అని ఆయన నమ్మకం.

పని తెలిసిన మనిషి శివకుమారి. పత్తికొండ నుంచి వచ్చి ఆరేళ్లుగా ఆ నెట్‌వర్క్‌ను నడుపుతోంది. ఏ ఇంట్లో రౌటర్ ఆన్ అయినా ముందు ఆఫీసులోని సర్వర్‌ను తనకొక అడ్రసు ఇమ్మని అడుగుతుంది. సర్వర్ ఒక రోజు గడువుతో ఇస్తుంది. ఇవ్వకపోతే ఆ ఇంట్లో నెట్ లేనట్టే. వేసవిలో ఆ ఒక్క సర్వర్ చెడిపోయి ఊరంతా ఒక పూట ఆగింది.

"ఇంగొక తూరి ఆగిపోతే నువ్వు పత్తికొండ బస్సెక్కాల్సిందే పాపా," అన్నాడు రాజశేఖర్, పదిమంది ముందు.

శివకుమారి రెండో సర్వర్ అడిగింది. మూడు నెలలు నసిగి ఒప్పుకున్నాడు. దాన్ని ఒంటిమిట్టలోని తమ టవర్ గదిలో పెట్టింది. ఏ ఇంటికి ఏ అడ్రసు ఇచ్చిందీ రెండు సర్వర్లూ ఒకదానికొకటి ఎప్పటికప్పుడు చెప్పుకుంటాయి. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది. రెండూ ఒకే చోట ఉండకూడదని కాగితం మీద రాసి ఆయన సంతకం తీసుకుంది. ఆయన చదవలేదు. సంతకం మాత్రం వంకర పోకుండా పెట్టాడు.

ఆయుధ పూజకు ముందు రోజు ఒంటిమిట్ట సర్వర్ రాజశేఖర్ జీపులో మైదుకూరు వచ్చింది.

"అది ఆడ ఉండాల అన్నా."

"పూజ నాడు ఒక ఆయుధాన్ని ఊరి బయట ఇడ్సిపెట్టేదా? సదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?"

మరునాడు ఉదయం నిచ్చెనలు, తీగలు అతికే మిషను, వాటి మధ్య పీట మీద రెండు సర్వర్లు. ఆయుధాలు ఆ రోజు పని చేయకూడదని రాజశేఖర్ రెండింటినీ ఆపించాడు. బంతిపూల దండలు వేసి, గాలి పోయే రంధ్రాల మీదనే కుంకుమ పెట్టాడు. ఫోన్ తీసి ఆఫీసు వైఫైలో వీడియో నొక్కాడు. వచ్చింది.

"చూస్తివా, రెండూ ఆపినా నెట్టు వస్తాండాది. ఈ మాత్రానికి నాతో రెండోది కొనిపిస్తివి."

"ఇచ్చిన అడ్రసులకు ఇంగా గడువుండాది కాబట్టి వస్తాండాది అన్నా. కరెంటు పోయి వస్తే రౌటర్లన్నీ మళ్లా అడ్రసు అడుగుతాయి. ఒక్కటన్నా ఆన్‌లో పెట్టనీ."

"పండగ నాడు కరెంటు యాడికి పోతాది?"

గదికి తాళం వేసి కుటుంబంతో మంత్రాలయం వెళ్లాడు.

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ఇరవై నిమిషాలకు వచ్చింది, నెట్ రాలేదు. శివకుమారి ఫోన్ మోగడం ఆగలేదు. ఆమె రాజశేఖర్‌కు చేసింది.

"పూజ సామాను ముట్టుకుంటే కీడు. రేప్పొద్దున ఆరున్నరకు ఎత్తుదాం. తీగ తెగిందని చెప్పు," అన్నాడు దర్శనం వరసలోంచి.

గంట తర్వాత ఆయనే చేశాడు.

"పాపా, నా ఫోన్లో మా ఇంటి కెమెరాలు కనపడల్యా. ఎందుకు?"

"మీ ఇంట్లో గూడా నెట్టు లేదన్నా."

ఆయన వరసలోంచి బయటికి వచ్చాడు.

"తాళం పగలగొట్టు."

"కీడు కదన్నా?"

"పగలగొట్టమంటాండా కదా."

గడ్డపారతో తాళం పగలగొట్టింది. రంధ్రాల్లో కుంకుమ తుడిచి సర్వర్లు ఆన్ చేసింది. పది నిమిషాల్లో ఊరంతా నెట్ వచ్చింది.

మరునాడు కౌంటర్ దగ్గర గొడవకు వచ్చినవాళ్లతో రాజశేఖర్ చెప్పాడు: "రెండు సర్వర్లు పెట్టిచ్చినా. పాప సరిగ్గా చూసుకోల్యా." తర్వాత ఆమెను లోపలికి పిలిచి, పాస్‌వర్డులన్నీ రాసిచ్చి వెళ్లిపొమ్మన్నాడు. ఆమె రెండు కాగితాలు నింపి ఇచ్చింది. ఆయన వాటిని తిప్పి, మళ్లీ తిప్పి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"సరేలే. పో, పని చూసుకో."

ఆ వారమే శివకుమారి రెండో సర్వర్‌ను దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఒంటిమిట్ట తీసుకుపోయింది. ఎవరినీ అడగలేదు. ఆఫీసులో దాని చోట లోపల ఏమీ లేని పాత సర్వర్ పెట్టె ఒకటి పెట్టి, బొట్టు పెట్టింది. రాజశేఖర్ రోజూ ఉదయం రెండింటికీ దండం పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు.