గీత కత్తి నడుముకు కట్టుకుని సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాదు. ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక బస్సెక్కి ఏదో ఒక ఊరు చూసి రాకపోతే నాకు సోమవారం తెల్లవారదు. అయితే ఈసారి ప్రయాణం నా సరదా కోసం కాదు. పొద్దున ఆరుంబావుకు మా అన్న ఫోన్ చేశాడు. మిర్యాలగూడకు పది కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో మా అన్న తాటిచెట్లు గీస్తాడు. మా నాన్నదీ అదే పని. నేను కోదాడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను.

"చెల్లె, ఇప్పుడే చెట్టు మీద కత్తి ఇరిగింది," అన్నాడు. "నాన్న కత్తి సూర్యాపేటల కమ్మరి దగ్గరుంది. పదును పెట్టమని మొన్న పంపిన. మాపటి గీతకు అది నా నడుముకు ఉండాలె."

"నువ్వే పోయి తెచ్చుకోరాదా?"

"ఇయ్యాల ఐతారం. తాటివనంల కల్లుకు జనం ఉంటరు. నేను కదిల్తే ఎట్ల?"

"పక్కోళ్ల కత్తి అడుగు మరి."

"గీత కత్తి ఎవడన్న ఎరువిస్తడా? మతి ఉండే మాట్లాడుతున్నవా?"

నిజమే, నా ప్రశ్నే తప్పు. ఒకరి చేతికి అలవాటైన కత్తి ఇంకొకరి చేతికి కుదరదు. పైగా అందరూ ఒకే వేళకు చెట్లెక్కుతారు. పొద్దునా సాయంత్రం గెల కొసను పలచగా చెక్కితేనే కల్లు కారుతుంది. పూట తప్పితే చెక్కిన మొహం ఎండిపోతుంది, మళ్లీ దారికి తేవడం గగనం. ఈ ఏడాది అన్న వంతుకు వచ్చినవి ఏడు చెట్లు. ఎండాకాలం పోయేదాకా వాళ్లింట్లో పొయ్యి వెలిగేది ఆ ఏడింటి మీదే. నాలుగున్నరకు అన్న చెట్టెక్కాలి, ఆలోపు నేను చేరాలి.

దిద్దాల్సిన పరీక్ష పేపర్లు సంచిలో పడేసుకుని ఏడున్నరకు కోదాడ బస్టాండు చేరాను. బయట ఇడ్లీ బండి ఆవిడ నన్ను ఎరుగును. "ఏంటి టీచర్ గారూ, ఆదివారం కూడా పరుగేనా? కూర్చుని తినండి," అంది. నిలబడే తిన్నాను. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు, పల్లీ చట్నీ బాగుంటుంది, తీరిక ఉన్నవాళ్లు కూర్చుని తినండి. ఎనిమిదింటికి హైదరాబాదు వైపు ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. హైవే మీద గంటలో సూర్యాపేట. నాకు ఆ గంట కూడా ఎక్కువే అనిపించింది. ఫోన్‌లో టైము చూసుకోవడం, పేపరు తీయడం, ఒక్క లెక్కయినా దిద్దకుండా మళ్లీ లోపల పెట్టడం, ఇదే పని.

కమ్మరి కొలిమి పాత బజారు వెనక సందులో ఉంది. తొమ్మిదిన్నరకు వెళ్తే కత్తి ఇంకా నిప్పు ముఖం చూడలేదు. ముసలాయన నా తొందర చూసి నవ్వాడు. "నిప్పుకు తొందర చెప్తవా బిడ్డా? ఇప్పుడు ఉరికిస్తే ఇయ్యాల తెగుతది, ఎల్లుండికి మొద్దుబారుతది. కూసో జర."

రెండు గంటలు కూర్చోబెట్టాడు. నేను సందు చివరిదాకా నడిచి వచ్చాను, చాయ్ తాగాను, మళ్లీ నడిచి వచ్చాను. పదకొండున్నరకు కత్తి తయారైంది. జానెడు మీద నాలుగు వేళ్ల పొడుగు, నాన్న అరచేతి పట్టుకు నున్నబడ్డ కర్ర పిడి. దాన్ని ముత్తాదులో పెట్టి ఇచ్చాడు. ముత్తాదు అంటే కత్తులు పెట్టుకుని నడుముకు కట్టుకునే తోలు పొది. పక్క కొట్టులో కుట్టించమని అన్న దాన్ని కూడా పంపాడట. "గిట్లనే నడుముకు కట్టుకొని పో," అన్నాడు కమ్మరి. సరేనన్నాను.

కానీ సందు మలుపు తిరగగానే మాట తప్పాను. కత్తిని పొదిలోంచి లాగి, తువ్వాలులో చుట్టి, పొదితో పాటు పేపర్ల కింద సంచి అడుగుకు తోశాను. దాచడానికి కారణం భయం కాదు, సిగ్గు. పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా బస్సులో ఎదురైతే, లెక్కల మేడం నడుముకు కల్లు గీసే కత్తి ఏమిటని అడిగితే ఏం చెప్పాలి? పన్నెండేళ్లుగా కోదాడలో ఉంటున్నాను, మా నాన్న ఏం పని చేశాడో బడిలో ఒక్కరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే వ్యవసాయం అంటాను.

పన్నెండింటికి సూర్యాపేట బస్టాండులో పోలీసులు సంచులు వెతుకుతున్నారు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడట. నడి వయసు దాటిన కానిస్టేబులు నా సంచిలో చెయ్యి పెట్టి తువ్వాలు బయటికి తీశాడు. విప్పగానే పక్కనున్నవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు.

"ఏందమ్మా ఇది?"

"ఇంట్లో కూరగాయలు కోసే కత్తి సార్."

కానిస్టేబులు కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంతోని ఏం కూర కోస్తవమ్మా? మా తాత చెట్టెక్కిండు. నాకెరుక లేదనుకున్నవా?"

పేరు, ఊరు, పని రాసుకున్నాడు. టీచరునంటే ఇంకా అనుమానం పెరిగింది. నేనిచ్చిన కమ్మరి నంబరుకు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. అన్నకు చేశాడు, ఎత్తలేదు. పన్నెండూ ఇరవై మిర్యాలగూడ బస్సు నా కళ్ల ముందే కదిలింది. మళ్లీ ఒకటిన్నరకే అని తెలుసు. ఏడు చెట్లూ కళ్ల ముందు తిరిగాయి. ఇక దాచి లాభం లేదని ముత్తాదు కూడా తీసి బల్ల మీద పెట్టాను.

"మా అన్నది సార్. అంతకుముందు మా నాన్నది. మా నాన్న కల్లు గీసేవాడు. సాయంత్రం గీతకు అందకపోతే చెట్లు ఎండుతయ్," అన్నాను. బయటివాళ్ల ముందు నా నోట మా ఊరి మాట వచ్చి ఎన్నేళ్లయిందో.

ఆయన ముత్తాదు చేతిలోకి తీసుకుని కొత్త కుట్లు తడిమాడు. "గీ ముక్క మొదలే చెప్తే అయిపోతుండె గదా. పనిముట్టును పనిముట్టు లెక్క తీస్కపోతే ఎవ్వడు ఆపడు. గీత కార్మికుడు నడుముకు కట్టుకొని బజార్ల తిరిగితే మేమేమన్న అంటున్నమా? నువ్వు దొంగ లెక్క దాసినవ్, అందుకే ఆపిన. కట్టుకో, కనబడేటట్టు కట్టుకో."

అందరూ చూస్తుండగా చీర మీద ముత్తాదు కట్టుకున్నాను. ఈలోపు కమ్మరే తిరిగి ఫోన్ చేసి కత్తి ఎవరిదో చెప్పడంతో కానిస్టేబులు నన్ను పంపించాడు.

ఒకటిన్నర బస్సెక్కగానే కండక్టరుకు కత్తి సంగతి ముందే చెప్పాను. పొది కేసి చూసి, "ముందటి సీట్ల కూసో అక్కా, పిల్లలకు తగలకుండ సూసుకో," అన్నాడు, అంతే. బస్సు ప్రతి పల్లెలో ఆగింది. మూసీ దాటేసరికి రెండున్నర. నాకు దిగి తోయాలనిపించింది. పక్కన కూర్చున్న పెద్దావిడ చాలాసేపు కత్తి కేసి చూసి, "ఎవరిది బిడ్డా?" అని అడిగింది. "మా నాన్నది," అన్నాను. "మంచిగుంది," అని కిటికీ వైపు తిరిగింది. దీనికోసమా నేను పన్నెండేళ్లు వ్యవసాయమని అబద్ధమాడింది అనిపించి నా మీద నాకే కోపం వచ్చింది.

మూడూ యాభైకి మిర్యాలగూడ. రైసుమిల్లుల తవుడు వాసన బస్టాండులోనే తగులుతుంది. షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేక రెండొందలకు ఆటో మాట్లాడుకున్నాను. మామూలుగా ముప్పై చాలు. నాలుగూ ఇరవైకి వనం దగ్గర దిగి పొలం గట్టు మీద దాదాపు పరుగెత్తాను.

అన్న మొదటి చెట్టు కింద, చెట్టెక్కే తాడు మోకును భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. నేను ముత్తాదు విప్పి చేతికివ్వబోతే తీసుకోలేదు. చేతులు రెండూ పక్కలకు ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో కత్తి చేతికివ్వరు. ఒకరి నడుము నుంచి విప్పి ఇంకొకరి నడుముకు కడతారు. నాన్న అన్నకు అలాగే కట్టాడు. సంచిలోంచి తీసి ఇచ్చి ఉంటే ఏం చేసేవాడో తెలియదు.

నేను కడుతుంటే అన్న తల వంచి చూస్తున్నాడు. "నాన్న నాకు కట్టిననాడు నువ్వేం చేసినవో యాదుందా?"

"లేదు."

"నాక్కూడ కట్టు అని మట్టిల పడి ఏడ్సినవ్. అన్నం గూడ తినలే."

నాకు నిజంగా గుర్తు లేదు. అన్న మోకు సరిచేసుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. కాసేపటికి పైనుంచి గెల చెక్కుతున్న చప్పుడు వినిపించింది. ఏడో చెట్టు దిగేదాకా నేను అక్కడే ఉన్నాను. పొద్దుటి నుంచి మొదటిసారి, అంతసేపూ టైము చూసుకోలేదు.

తిరుగు ప్రయాణం నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా, రెండు గంటలు. ఆ దారంతా నా చెయ్యి ఊరికే నడుము మీదికి పోతూనే ఉంది. చిన్నప్పుడు కావాలని ఏడ్చిన వస్తువును పెద్దయ్యాక పేపర్ల కింద దాచాను. ఈ రెండింటికీ మధ్య నేను చదువుకున్నాను, అంతే జరిగింది. సోమవారం స్టాఫ్ రూములో ఎవరో ఆదివారం ఎక్కడికెళ్లావని అడిగారు. కల్లు గీసే మా అన్నకు మా నాన్న కత్తి ఇచ్చి వచ్చానని చెప్పాను. ఎవరూ రెండడుగులు వెనక్కి జరగలేదు.

పనిముట్టు కత్తితో ప్రయాణించేవాళ్లకు ఒక్క మాట. లాయరు చదువు చదివిన స్నేహితురాలిని తర్వాత అడిగితే, కత్తి ఏ పనికి చేశారన్నదీ, మీరు దాన్ని ఎందుకు పట్టుకెళ్తున్నారన్నదీ చూస్తారని చెప్పింది. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో ఆంక్షలుంటే స్టేషనులో ముందే కనుక్కోండి. మిగతా రోజుల్లో దాన్ని దాని పొదిలోనే పైకి కనిపించేలా పెట్టుకుని, బస్సెక్కగానే కండక్టరుకు చెప్పండి. ఎవరిదని అడిగితే మాత్రం, మొదటిసారే నిజం చెప్పండి.