ఆపమన్నది సుభద్రగారు

గత గురువారం ఉదయం ఒక రైతు చేలో నిలబడి ఉండగా కొత్తపేట నుంచి ఫోను వచ్చింది. మా శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా వ్యవసాయ విస్తరణాధికారిణిగా పనిచేసిన సుభద్రగారు నిద్రలోనే కన్నుమూశారని ఆమె చెల్లెలు చెప్పారు. దుఃఖం కంటే ముందు నన్ను ముంచెత్తింది సిగ్గు. దాని కారణం చెప్పకుండా ఆ మహనీయురాలిని స్మరించే అర్హత నాకు లేదు.

ఆమెది క్షేత్రంలో సముపార్జించిన విద్వత్తు. చెప్పులు గట్టున వదిలి, కుచ్చెళ్ళు ఎగదోపి చేలోకి దిగేవారు. రెండో పంటైన దాళ్వా వరికి ఆఖరి యూరియా ఎప్పుడు వేయాలని అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఒక పిలకను పీకి, బ్లేడుతో నిలువునా చీల్చి, లోపల వెన్ను అంకురించిందో లేదో చూసేవారు. "తేదీ చూసి చల్లకండి, పిలక చూసి చల్లండి" అన్నది ఆమె నిత్యబోధ.

ఐనవిల్లి ఆసామి ఒకాయన ఫోనులో ఫొటో పంపి "ఇప్పుడు చల్లొచ్చాండీ?" అని అడిగారు. "ఫొటోలో నేల తడి నాకెలా తెలుస్తుందండీ?" అని ఆమె మిట్టమధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళారు. ఆమెకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు.

ఇక నా సిగ్గుకు కారణమైన, కొన్నేళ్ళ కిందటి దాళ్వా సంగతి. మాఘమాసం నుంచీ చినుకు లేదు. కాలువ నీళ్ళు వంతులవారీగా వదులుతున్నారు. పక్కపక్కనే ఉన్న రెండు శివారు గ్రామాల్లో ఒకటి ఆమె బాధ్యత, ఒకటి నాది. యూరియా లారీ ఆలస్యంగా వచ్చింది. మూడు రోజుల్లో పంపిణీ ముగించి, రైతులు చల్లుతున్న ఫొటోలు పంపాలని పై అధికారి హుకుం జారీ చేశారు. మా వంతు నీళ్ళకు ఇంకా వారం ఉంది. ఆమె నాకు ఫోను చేశారు.

"తమ్ముడూ, మీ ఊళ్ళో చల్లించేస్తున్నావంట?"

"ఆయ్, మేడంగారూ. ఫొటోలు అడుగుతున్నారు కదండీ."

"నేలలో పైపైన చెమ్మ తప్ప నీళ్ళు లేవు. ఈ ఎండకీ ఈ గాలికీ చల్లిందంతా ఆవిరైపోద్ది. వంతు వచ్చేదాకా ఆపించు. చల్లిన వెంటనే నీళ్ళు పెట్టగలగాలి."

"సారుకేం చెప్పమంటారండీ?"

"నేను ఆపమన్నానని చెప్పు."

నేను ఆపలేదు. ఫొటోలు పంపి మెప్పు పొందాను. మర్నాడు చేల గట్లమీద నడుస్తుంటే ముక్కుకు ఘాటు తగిలింది. అది రైతు కష్టం గాలిలో కలిసిపోతున్న వాసనని నాకు తెలుసు.

ఆమె ఊళ్ళో రైతులు ఆ వారమంతా ఆమెను నిలదీశారు. "బస్తాలు ఇంట్లో పెట్టుకుని పైరు పాలిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?" అని కేకలేశారు. ఆమె రోజూ వెళ్ళి, ఆ మాటలు పడుతూనే వాళ్ళను ఆపారు. వంతు నీళ్ళు పిల్లకాలువలోకి దిగిన రోజున చల్లించి, వెంటనే నీళ్ళు పెట్టించారు. ఆ చేలు పది రోజుల్లో తేరుకున్నాయి. మా ఊరి చేలు లేత పసుపు రంగు వదల్లేదు. వెన్నులు పొట్టిగా వచ్చాయి.

మా రైతులు ఫిర్యాదు చేశారు. రెండు ఊళ్ళకూ వంతుల సమాచారం చేరవేయవలసిన సుభద్రగారు దాన్ని సకాలంలో అందించకపోవడమే నష్టానికి కారణమని అధికారి నివేదిక రాయించారు. సాక్షిగా నేను సంతకం చేశాను.

ఆమె ఆ కాగితం చూసి నావైపు తిరిగారు. "సంతకం పెట్టేరు సరే. చదివేరా?"

"చదివేనండి."

"అయితే నేను చెప్పేదేం లేదు, ప్రసాదుగారూ."

అంతవరకూ నేను ఆమెకు తమ్ముణ్ణి. ఆ క్షణం నుంచి గారు చేరింది. ఇంతకన్నా కఠినమైన శిక్ష నాకు మరెవరూ వేయలేదు. రెండేళ్ళలో పదవీ విరమణ చేయవలసిన ఆమెను మన్యం వైపు బదిలీ చేశారు. వీడ్కోలు సభ లేదు.

ఆమె పదవీ విరమణ చేసి కొత్తపేటలో స్థిరపడ్డాక, నిరుడు ధైర్యం చేసి వెళ్ళి, క్షమించమని అడిగాను. ఆమె కాఫీ ఇచ్చారు. "నాకెందుకండీ చెప్పడం? నష్టపోయినోళ్ళకి చెప్పండి" అన్నారు. నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. ఉద్యోగం గుర్తొచ్చింది.

అంత్యక్రియలకు నాటి అధికారి పెద్ద దండ పంపించారు. సంతాపసభలో చదవమని ఒక సందేశం కూడా పంపారు. అందులో అంకితభావం అనే మాట మూడుసార్లు ఉంది. దాన్ని చదవమని నా చేతికే ఇచ్చారు. నేను చదవలేదు. జేబులో పెట్టుకుని తిన్నగా అప్పట్లో నా బాధ్యతలో ఉన్న ఊరికి వెళ్ళాను. ఆనాడు ఫిర్యాదుపై మొదటి సంతకం చేసిన వెంకట్రాజుగారు అరుగుమీద ఉన్నారు. ఆపమన్నది ఆమేనని, చల్లించింది నేనని, అబద్ధానికి సాక్ష్యం పలికిందీ నేనేనని చెప్పాను.

ఆయన అన్నారు: "మాకు ఆ ఏడాదే తెలిసిపోయిందండి. పక్క చేలు కనపడతానే ఉన్నాయి కదా. మేం కూడా వెళ్ళి ఆవిడకో మాట చెప్పలేదు."

సుభద్రగారు ఇక లేరు. ఆమె స్థానంలోకి ఎప్పుడో మరొకరు వచ్చారు. ఫొటోలు అడుగుతారు, మాలాంటివాళ్ళం పంపుతాం. వద్దు, ఆగండి అని చెప్పడానికి ఈ సీమలో ఉన్నది ఆమె ఒక్కరే. ఆ ఒక్కరినీ మేమందరం కలిసి ఒంటరిని చేశాం. ఆ తల్లి పాదాలకు నమస్కరిస్తున్నాను. స్వీకరించమని అడగను.