కమలవ్వ చెయ్యి

అశోక్‌నగర్‌లో మా సందు మొదట్లో జొన్నరొట్టెలు చేసే కమలవ్వకు చెయ్యి ముందు, మాట తర్వాత. తాగొచ్చి వాగినవాడి చెంప పగలగొట్టింది. రొట్టెల బండి తీసెయ్యమన్నవాణ్ణి కాలే అట్లకాడ పట్టుకుని చిక్కడపల్లి రోడ్డు దాకా తరిమింది. ఏళ్ల తరబడి పిండి చరిచి చరిచి బండబారిన చెయ్యి అది. వరుస తప్పి ముందుకెళ్లినందుకు నేనూ ఒకసారి రుచి చూశాను.

ఆమె చెయ్యెత్తనిది ఒక్క కొడుకు మీదే. వెంకటేశ్‌కు సర్కారు కొలువు రావాలని ఊరొదిలి వచ్చింది. తొమ్మిదేళ్లయింది. అతను పొద్దంతా రీడింగ్ రూములో, ఆమె పొయ్యి ముందు.

మా సందులోనే రమాకాంత్ నడిపే హాస్టల్ ఉంది. అందులో ఉంటూ సర్కారు కొలువుల నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా ఎదురుచూసిన రాజశేఖర్ ఒక కుక్కను పెంచి, దానికి నోటిఫికేషన్ అని పేరు పెట్టాడు. "పిలిస్తే వచ్చేటి నోటిఫికేషన్ గిదొక్కటే అన్నా!" అని నవ్వేవాడు. మొన్న ఎండాకాలం ఆశ వదులుకుని, పుస్తకాలు కోఠిలో పాత పుస్తకాలవాళ్లకు అమ్మేసి ఊరెళ్లిపోయాడు. కుక్కను మాత్రం హాస్టల్ సెల్లార్‌లో స్తంభానికి కట్టేసి మరీ పోయాడు, దొంగసచ్చినోడు. రమాకాంత్ దాన్ని తన్నాడు, అది కరిచింది. మూడు రోజులు తిండీ నీళ్లూ లేక అది ఏడుస్తుంటే సందంతా విన్నది. నేను కిటికీ మూసి టీవీ సౌండ్ పెంచాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

కిటికీ మూసుకోనిది మా పక్కింటి పిల్లలు, పదకొండేళ్ల త్రివేణి, ఎనిమిదేళ్ల అభిజిత్. నాలుగో రోజు సాయంత్రం రమాకాంత్ ఇనుప రాడ్డు పట్టుకుని సెల్లార్‌లోకి దిగడం చూసి, కమలవ్వ దగ్గరికి పరుగెత్తారు.

"అవ్వా, ఉల్లిగడ్డలు కోసే కత్తి ఇయ్యవా? తాడు కొయ్యాలె. నోటిఫికేషన్‌ను సంపేస్తడు!"

"కత్తితోని ఆటలా? ఇంటికి పోండ్రి!" అని కసిరింది. అభిజిత్ కత్తి లాక్కుని ఉరికాడు. వెనకాలే త్రివేణి. పెనం దించి కమలవ్వ లేచేసరికే వాళ్లు హాస్టల్ గేటు దాటారు.

లోపల జరిగింది త్రివేణి తర్వాత చెప్పింది. అప్పటికే కుక్క ముందరి కాలు విరిగి వేలాడుతోంది. అభిజిత్ వెళ్లి తాడు కోశాడు. రమాకాంత్ వాడి కాలర్ పట్టి స్కూటర్ మీదికి విసిరేశాడు. నుదురు చీలి కళ్లలోకి రక్తం కారింది. తాడు తెగినా కుక్క భయంతో గోడ మూలకు నక్కింది. రాడ్డు మళ్లీ లేచింది. త్రివేణికి తోచింది ఒక్కటే, పేరు పెట్టి పిలవడం.

"నోటిఫికేషన్! రా! రా!"

విరిగిన కాలు ఈడ్చుకుంటూ అది కదిలింది. పిల్ల ఏడుస్తూ సంతోషంతో అరిచింది.

"వచ్చింది! నోటిఫికేషన్ వచ్చింది!"

ఆ కేక సందులో వినబడిందో లేదో, తలుపులు ధడేలుమన్నాయి. హాస్టళ్లు, రీడింగ్ రూములు ఖాళీ అయిపోయాయి. "గ్రూప్ టూనా? ఎన్ని పోస్టులు?" అంటూ వందమంది సెల్లార్‌లోకి తోసుకొచ్చారు. నేనూ వాళ్ల వెనక దిగాను. అందరికంటే ముందు వెంకటేశ్, ఒక కాలికే చెప్పుతో.

కుక్కను చూశారు. రమాకాంత్‌కు నవ్వొచ్చింది.

"మీకు వచ్చేటి నోటిఫికేషన్ గిదేరా! తీస్కపోండ్రి!"

వెంకటేశ్ అతని చేతిలోని రాడ్డు లాగి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత అందరూ పడ్డారు. పిడికిళ్లు, మోకాళ్లు, బెల్టులు. రమాకాంత్ నోట్లోంచి రెండు పళ్లు రాలాయి. కుక్క కోసం ఎవరూ కొట్టలేదు, నాకు తెలుసు. కిందపడ్డవాడి తలకు గురిపెట్టి వెంకటేశ్ మళ్లీ రాడ్డెత్తాడు.

గేటు దగ్గరే ఆ జనంలో ఇరుక్కున్న కమలవ్వ అప్పుడు చేరింది. జనాన్ని తోసుకుని వెళ్లి, తొమ్మిదేళ్లుగా దాచిన చెయ్యి కొడుకు చెంప మీద వేసింది. అంత గట్టి దెబ్బ ఆమె ఎవరినీ కొట్టలేదు. రాడ్డు కింద పడింది.

"మనిషిని సంపుతవారా? కేసైతే కొలువెట్ల వస్తదిరా?"

వెంకటేశ్ చెంప తడుముకోలేదు. అక్కడే కూలబడ్డాడు. "రాదమ్మా. పోయిన సారి పరీక్షకే పోలేదు నేను. నాతోని అయితలేదు."

కమలవ్వ కొంగు చింపి అభిజిత్ నుదుటికి కట్టింది. మిగతాది కుక్క కాలికి చుట్టింది. ముడి రెండుసార్లు జారింది. నేను ఆటో పిలిచాను. పిల్లవాణ్ణి వాళ్ల నాన్న దవాఖానకు తీసుకుపోయాడు. కుక్కతో మేము నారాయణగూడ పశువుల ఆసుపత్రికి బయలుదేరాం. రమాకాంత్‌ను ఎవరు లేపారో నేను చూడలేదు.

ఆటోలో కమలవ్వ ఒళ్లో కుక్క, ఒకవైపు త్రివేణి, ఇంకోవైపు వెంకటేశ్, డ్రైవర్ పక్కన నేను. దాని కళ్లు మూతలు పడుతుంటే త్రివేణి చెవిలో పిలిచింది.

"నోటిఫికేషన్, లే. నోటిఫికేషన్!"

కుక్క కళ్లు తెరిచింది. వెంకటేశ్ తల తిప్పుకున్నాడు. కమలవ్వ అరచెయ్యి కొడుకు వాచిన చెంప మీద పెట్టి, తియ్యకుండా అలాగే ఉంచింది.

"బతుకుతది గని బిడ్డా," అంది త్రివేణితో, "దీనికి పేరు మార్చు. నేనే సాదుకుంట. గా పేరు మా ఇంట్ల వద్దు."