గడ్డం మీద గాటు

మా పెళ్లయిన తొలి ఏడాది సంగతి ఇది. మాది పుల్లలచెరువు దగ్గర పల్లె. ఒకరోజు మావారు మార్కాపురంలో గడ్డం గీయించుకుని, చిన్న గాటుతో ఇంటికి వచ్చారు. ఆనాటి నుంచి కంచం వేరు, పక్క వేరు. నా మీద మనసు విరిగిందేమోనని కుమిలిపోయాను. అత్తమ్మ మాత్రం కొడుకు ఏదో దీక్ష పట్టాడని మురిసిపోయింది.

చివరకు నిలదీస్తే, “ఆ గాటుతో నాకు ఎయిడ్స్ అంటిందేమో” అన్నారు. మరునాడే ప్రభుత్వాసుపత్రికి బయల్దేరదీశాను.

అక్కడి కౌన్సెలర్ మేడమ్ అంతా విని, “బ్లేడు కొత్తదేనా?” అని అడిగారు.

“కొత్తదే మేడమ్. మంగలాయన నా కళ్లముందరే కాగితం చించినాడు. కానీ నాకంటే ముందు కూచున్నాయన శానా బక్కగా ఉండాడు.”

ఆమె బక్కపలచటి మావారిని ఎగాదిగా చూసి, “నీ తర్వాత కూచున్నాయన కూడా ఇట్లనే భయపడతుంటాడు నాయనా” అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. కొత్త బ్లేడుతో భయం లేదని, ఒకే కంచంలో తిన్నా ఆ జబ్బు అంటదని, అది వచ్చినవాళ్లు కూడా మందులతో చక్కగా బతుకుతున్నారని ఆమె చెప్పారు.

బయటికొచ్చాక, “నిజంగానే ఉండుంటే ఏం చేసేదానివి?” అన్నారు మావారు.

“మందులేయించి, పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టేదాన్ని” అన్నాను.

బస్సు వచ్చేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. జనమంతా చూస్తుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. చెయ్యి మాత్రం లాక్కోలేదు.