చిన్నోడి ఊపిరి

2014 మే నెల. అప్పుడు విజయనగరం పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. మిట్టమధ్యాహ్నం నెల్లిమర్ల నుంచి ఎస్తేరమ్మ గారు ఆటోలో తన పగ్ కుక్కను తెచ్చారు. పేరు చిన్నోడు. భర్త పోయాక ఆ ఇంట్లో ఆవిడకు తోడు అదొక్కటే. దాని నాలుక నీలంగా మారింది. ఊపిరి తీస్తుంటే రంపం కోస్తున్న చప్పుడు.

"దాహమనుకొని నోట్లో నీళ్లు పోసీసినాను బాబూ. అప్పట్నించి మరీ గింజుకుంటన్నాడు."

వెంటనే మత్తు ఇచ్చి శ్వాసనాళంలోకి ఎండోట్రేకియల్ ట్యూబు దించాను. గాలికి దారి చేసే మెత్తటి గొట్టం అది. ఆక్సిజన్ పెట్టి, ఎండకు కాలిపోతున్న ఒళ్లు తడిపి, ఫ్యాను వేశాం. నాలుక మెల్లగా ఎర్రబడింది.

లైటు వేసి చూస్తే సాఫ్ట్ పాలెట్, అంటే అంగిలి వెనుక మెత్తటి భాగం, సాగి శ్వాసనాళం నోటికి అడ్డం పడుతోంది. ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా ఉన్నాయి. ట్యూబు తీస్తే మళ్లీ అదే పరిస్థితి.

"గురక పెడతాడా అమ్మా?"

"ఇల్లంతా ఇనిపిస్తాది. ఎంత హాయిగా తొంగున్నాడో అనుకుంటాను."

"హాయి కాదమ్మా, గాలి కోసం పెనుగులాట. అంగిలి కొంత కత్తిరించి, ముక్కు వెడల్పు చేయాలి."

"దేవుడిచ్చిన ముక్కు కోత్తారేటి?"

"దేవుడిచ్చింది కాదు. ముద్దుగా ఉంటుందని మనుషులే చప్పిడి ముక్కు కుక్కల్ని ఏరి, తరతరాలుగా పెంచారు."

ఆవిడ కుక్క కాలు పట్టుకున్నారు. "అయితే కోసీండి. ఆడు లేకపోతే నేనెవుల్ని తిట్టుకోవాలి?"

ఆపరేషన్ సాఫీగానే జరిగింది. అసలు భయం ట్యూబు తీసేటప్పుడే. గొంతు వాచి ఉంటే ఊపిరి అక్కడే ఆగిపోవచ్చు. మామూలుగా మెలకువ రాగానే కుక్క దగ్గి, ట్యూబును కక్కేస్తుంది. చిన్నోడు లేచి కూర్చున్నాడు. కళ్లు తెరిచి ఎస్తేరమ్మ గారిని చూశాడు, తోక ఆడించాడు. ట్యూబు మాత్రం గొంతులోనే ఉంది. గాలి చప్పుడు లేకుండా వెళ్లి వస్తోంది.

"ఏటి బాబూ, కక్కడేటి?"

అన్నేళ్ల సర్వీసులో అలా చూడలేదు.

"పుట్టాక ఇంత గాలి ఎప్పుడూ పీల్చి ఉండడమ్మా. వదులుకోబుద్ధి కావడం లేదు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చాలాసేపటికి చిన్నోడు గొట్టాన్ని నమలబోతుంటే నెమ్మదిగా లాగేశాను. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. వాడు మాత్రం ముక్కుతో గాలి పీల్చి, ఆవిడ చేయి వాసన చూశాడు.

పుట్టుకతో వచ్చిన ఇబ్బందిని ఏ జీవీ ఇబ్బందని చెప్పదు. అంతకన్నా మంచి ఊపిరి ఒకటుందని దానికి తెలియదు. అది తెలిసేలా చేయడం కూడా వైద్యమేనని ఆ పూట నాకు చిన్నోడు నేర్పాడు.