నడుము తడుముకోని చెయ్యి

కింద అంతస్తులో దర్జీ కుట్టుమిషనుకి నూనె వేస్తున్నట్టున్నాడు. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా మెట్లు ఇరుకు, ఏ ఇంటి వాసనైనా తలుపు తట్టకుండానే పైకి వచ్చేస్తుంది. ఎండుచేపల వేపుడుకీ, పక్కింటి అగరొత్తులకీ ఎప్పుడో అలవాటుపడిపోయాను. ఈ నూనె వాసన తగిలిందంటే మాత్రం చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. యోహాను మాస్టారి వేళ్ళు ఎప్పుడూ ఇదే వాసన వేసేవి. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం అందించినా, ఎవరి పెళ్ళిలోనో మిఠాయి చేతిలో పెట్టినా ఇదే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నేనూ ముసలివాణ్ణయ్యాను. అయినా ఇది ముక్కుకి తగలగానే నడుం సర్దుకుని నిటారుగా కూర్చుంటాను, ఎక్కడ తప్పు పడతాడో అని.

మీరెవరూ ఆయన్ని ఎరగరు కాబట్టి చెప్పాలి. పొట్టి మనిషి, బట్టతల, ముఖాన నవ్వుందో లేదో తేల్చుకోవడం కష్టం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోసినవాళ్ళు. మా తాతలూ అంతే. మాస్టారు కుర్రతనంలో పోలీసు ఉద్యోగం చేసి, తర్వాత సర్కారు సరుకుల శాఖలో శిక్షకుడయ్యాడు. బర్మా వాళ్ళూ మనవాళ్ళూ అందరూ 'సయా' అనే పిలిచేవారు, అంటే గురువుగారు. దేశం తలుపులన్నీ బిగించుకుని కూర్చున్న కాలం అది. దుకాణాలు సర్కారువి, వాటి డబ్బూ సర్కారుదే. ఆ డబ్బుసంచి బస్సుల్లో, సైకిల్ రిక్షాల్లో మామూలు జనం మధ్యే తిరిగేది. పక్కన యూనిఫారం వేసి రైఫిల్ ఇచ్చి ఒకణ్ణి నిలబెడితే, సంచి ఇదిగోనని చాటింపు వేసినట్టే. అందుకని లుంగీ, చొక్కా వేసుకున్న మనిషి ఒకడు చిన్న రివాల్వర్ బట్టల కింద దాచుకుని వెంట నడిచేవాడు. అలా దాచి మోయడం నేర్పేది యోహాను మాస్టారే, ఆ తుపాకులకి కుట్టుమిషను నూనె పూసి తుడిచేదీ ఆయనే.

ఉద్యోగానికి చేరినప్పుడు నేను గురి చూసి కొట్టడం నేర్పుతారనుకున్నాను. తూటాలు బయటి నుంచి రావడం తగ్గిపోయింది, వాటిని చూడ్డానికే చాలాకాలం పట్టింది. చేతికిచ్చింది కర్రతో చెక్కిన తుపాకీ. దాన్ని లుంగీ మడతలో పెట్టుకుని ఊళ్ళో తిరగాలి, బస్సెక్కాలి, పీట మీద కూర్చోవాలి, పెద్దవాళ్ళు కనిపిస్తే వంగాలి. ఎవరికీ కనపడకూడదు. ఇదొక విద్యా అని నాలో నేను నవ్వుకున్నాను. ఒకరోజు తామ్వేలో టీ కొట్టుకి తీసుకెళ్ళి, ఎదురుగా కూర్చోబెట్టి, నా పెళ్ళి సంబంధం గురించి అడగడం మొదలుపెట్టాడు. పిల్ల ఎలా ఉంటుంది, ఏం వండుతుంది, నిన్ను చూసి ఏమంది అని. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. లేచి నిలబడి, ఈ ఊళ్ళో మగవాళ్ళందరూ రోజంతా చేసే పనే చేశాను. లుంగీ ముడి విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకున్నాను. కర్ర తుపాకీ టపీమని కొట్టు యజమానురాలి కాళ్ళ దగ్గర పడింది.

ఆ పెద్దావిడ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎవరి పిల్లల ఆటబొమ్మ అని బర్మీస్‌లో అడిగింది.

"ఈ పిల్లాడిదేనమ్మా," అన్నాడు మాస్టారు, నన్ను చూపించి.

బయటికి వచ్చాక మాత్రం నవ్వలేదు. "నీ సెయ్యి నీ మాట ఇన్నేదు, అదీ సంగతి," అన్నాడు. "సిగ్గేసినా, బయమేసినా, కోపమొచ్చినా ఈ ఊరి మగోడి సెయ్యి ముందు నడుంకే ఎల్తాది. ఆడ తుపాకుంటే నలుగురికీ నువ్వే సెప్పీసినట్టు. నేదంటే బెదిరిపోయి దాన్ని బయటికి తీసీస్తావు. రెండిట్లో ఏది జరిగినా ఎవుడో ఒకడు సస్తాడు."

ఆయన పరీక్ష మొత్తం దాని చుట్టూనే తిరిగేది. కిక్కిరిసిన బస్సులో వెనక నుంచి తోసేవాడు. నడిరోడ్డు మీద అమ్మనీ అబ్బనీ తిట్టేవాడు. నీళ్ళ పండక్కి ఎవరైనా బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే తడిబట్ట కింద అంతా కనపడుతుందని, ఆ పండగ రోజుల్లో అసలు తుపాకీ ఇచ్చేవాడు కాదు. చెయ్యి నడుము తడుముకోని రోజు వచ్చేదాకా ఎవడూ పాస్ కాడు. నా చెయ్యి మాట వినడానికి నెలలు పట్టింది. అప్పట్లో ఆయన్ని తిట్టుకోని పూట లేదు.

తర్వాత నాకు శిక్షకుణ్ణి కావాలనిపించింది. ఇందులో గొప్ప ఆశయమేమీ లేదు, శిక్షకుడికి క్వార్టర్స్ ఇస్తారు. పెళ్ళి ఎప్పుడో కుదిరింది గానీ కాపురం పెట్టడానికి గది లేదు. పిల్ల వాళ్ళ నాన్న, ముందు తలదాచుకునే చోటు చూపించు, తర్వాత ముహూర్తం అన్నాడు. శిక్షకుడికి శాఖ పెట్టిన నిబంధనలు కొన్ని ఉండేవి. కొన్నేళ్ళు తుపాకీ మోసి ఉండాలి, గురి పరీక్షలో మంచి మార్కులు రావాలి, డాక్టరు సరేననాలి, ఏ కేసూ ఉండకూడదు, ఉన్న శిక్షకుడు ఇతను తగినవాడే అని సంతకం పెట్టాలి. ఆ చివరిది తప్ప అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆయన నన్ను సహాయకుడిగా పెట్టుకున్నాడు, పాఠాలు చెప్పనిచ్చాడు, సంతకం మాత్రం పెట్టలేదు. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"సయా, నాలో ఏటి తక్కువ?"

"తక్కువేటీ నేదు, సామేలూ. నువ్వింకా నీవోణ్ణి ఎవుణ్ణీ ఫెయిల్ సెయ్యనేదు."

"ఇదెక్కడి నిబంధన? ఆఫీసు పుస్తకంలో లేదే."

"నా పుస్తకంలో ఉంది. పరాయోణ్ణి ఎవుడైనా ఆపుతాడు. నీ ఇంట అన్నం తినీవోణ్ణి ఆపినరోజు రా, కళ్ళు మూసుకుని సంతకం పెడతాను."

ముసలాయనకి చాదస్తం ముదిరిందనుకున్నాను. ఆయన చాదస్తాలు ఇంకా ఉన్నాయి. పాఠం చెప్పే రోజు, చెప్పేవాడి నడుముకి అసలు తుపాకీ ఉండకూడదు. శిష్యుడు బెదిరితే వాణ్ణి పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలట. అదీ ఆఫీసు పుస్తకంలో లేదు.

ఈలోగా మా బావ వచ్చి శిక్షణలో చేరాడు. ఏసుదాసు బావ, మా అక్క మొగుడు. మంచివాడు, మాటకారి, ఇంట్లో ఉంటే నవ్వులే నవ్వులు. గిడ్డంగిలో రోజుకూలీగా మూటలు మోసేవాడు. ఇది పాసైతే పర్మనెంటు ఉద్యోగం, నెలకింత అని బియ్యం. అక్కకి నెలలు నిండుతున్నాయి. ఆ ఉద్యోగం వాళ్ళకి ఎంత అవసరమో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. చిక్కల్లా బావ చేతితోనే. చర్చిలో పాస్టరుగారు పేరు పెట్టి పిలిచినా చాలు, లేచి లుంగీ ముడి విప్పి కట్టుకునేవాడు. అక్క అందుకే ఆటపట్టించేది. మాస్టారు బావ ఉన్న జట్టుని తీసుకొచ్చి నాకప్పగించి, "మీ బావని నువ్వే సూసుకో," అన్నాడు. ఆయన ఎందుకలా చేశాడో నాకు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. విద్యార్థులతో మొదలై, బౌద్ధ భిక్షువులు, గుమస్తాలు, రేవు కూలీలు, ఊరు ఊరంతా సర్కారు మీద తిరగబడి వీధుల్లోకి వచ్చేసింది. కాల్పులు జరిగాయి, ఎందరో పోయారు. తర్వాత కొన్నాళ్ళు సైనికులు వెనక్కి తగ్గారు. పేటపేటకీ జనం వెదురు కంచెలు కట్టి కాపలా పెట్టుకున్నారు. జనంలో కలిసి తిరిగే గూఢచారులంటే అందరికీ భయం, ఆ భయంలోనే పగ. ఒక పేటలో మామూలు బట్టల కింద పిస్తోలు దాచుకున్నవాడు దొరికాడని, వాణ్ణేం చేశారో అడగవద్దని చెప్పుకునేవారు. మా శాఖలో పాత కాపలావాళ్ళు రావడం మానేశారు. మాస్టారు జ్వరంతో తాకేటాలో ఇంట్లోనే ఉండిపోయాడు. ఆఫీసులో మిగిలింది మా ఆఫీసరు, నేను, శిక్షణ పూర్తికాని మా బావ జట్టు.

ఆఫీసరు నన్ను పిలిచి తలుపు వేశాడు. "జనం వచ్చి ఈ ఆయుధాల బీరువా పగలగొడితే నేను జైలుకే," అన్నాడు. "తలా ఒకటి నడుముకి కట్టి వీళ్ళని ఇళ్ళకి పంపెయ్. అంతా సద్దుమణిగాక తెచ్చిస్తారు. అందరూ పాసయ్యారని నువ్వు సంతకం పెట్టు. ఈరోజు నుంచి శిక్షకుడివి నువ్వే, క్వార్టర్స్ నీవే. మీ సయాతో నేను మాట్లాడుకుంటాను."

అబద్ధం ఎందుకు, ఆ గది నాకు కళ్ళ ముందు కనపడింది. కిటికీ ఎటు ఉంటుందో కూడా ఊహించుకున్నాను. బయటికి వచ్చేసరికి సంగతి అప్పటికే పాకిపోయింది, బావ ముఖం వెలిగిపోతోంది. "బామ్మర్దీ, మీ అక్కకి ఈపూటే సెప్పీయొచ్చా?" అన్నాడు. పక్కనున్న బల్ల మీద అరచేత్తో గట్టిగా చరిచాను. బావ ఉలిక్కిపడ్డాడు. రెండు చేతులూ నేరుగా నడుముకి వెళ్ళిపోయాయి.

లోపలికి వెళ్ళి చెప్పేశాను, వీళ్ళెవరూ పాస్ కాలేదు, సంతకం పెట్టనని. ఆఫీసరు నోటికొచ్చినట్టు తిట్టాడు. క్వార్టర్స్ మాట ఈ జన్మకి మరిచిపొమ్మన్నాడు. బీరువాకి తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పడేసుకుని వెళ్ళిపోయాడు.

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నోటికాడ కూడు లాగీసినావు," అని మాత్రం అని నడక మొదలుపెట్టాడు. బస్సులు లేవు. తాకేటాకి నడిచే వెళ్ళాలి, నాకూ అదే దారి. ఆయన ముందు, నేను వెనక. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. అక్క ముఖం ఎలా చూడాలి, నాకు కుదిరిన పిల్లకి ఏం చెప్పాలి, ఒక ముసలాయన చాదస్తానికి ఇద్దరి బతుకులు పాడుచేశానే అని.

పజుందౌంగ్ కాలువ వంతెన దగ్గర వెదురు కంచె కట్టారు. కత్తులు, కర్రలు పట్టుకున్న మగవాళ్ళు, కొందరు పెద్దవాళ్ళు. వచ్చేపోయే మనుషుల్ని ఆపి చూస్తున్నారు. ఒకడు బావ ముందుకొచ్చి, "ఎవరు నువ్వు? ఏ ఆఫీసు?" అని గద్దించాడు. నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. బావ రెండు చేతులూ నడుముకి వెళ్ళాయి, లుంగీ ముడి విప్పాయి.

నలుగురూ ఒక్కసారి మీద పడ్డారు. "తీస్తున్నాడు, తీస్తున్నాడు" అని కేకలు. కత్తి ఒకటి పైకి లేచింది. నేను రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తాను, అరుస్తున్నానో ఏడుస్తున్నానో తెలియదు. లుంగీ లాగేశారు, చొక్కా చింపేశారు. ఒంటి మీద ఉన్నది మోకాళ్ళ దాకా నిక్కరు, దాని జేబులో కిళ్ళీ పొట్లం. ఇంకేం లేదు. మళ్ళీ వెతికారు. లేదు. నన్నూ వెతికారు. నా దగ్గరా ఏమీ లేదు, అది పాఠం చెప్పే రోజు.

కంచె దగ్గర కూర్చున్న ముసలావిడ ఒకామె కిసుక్కున నవ్వింది. అది మిగతావాళ్ళకీ అంటుకుంది. కత్తి ఎత్తినవాడే లుంగీ దులిపి తెచ్చి బావ చేతికిచ్చి, "పో అన్నా, ఇంటికి పో," అన్నాడు.

వంతెన దాటాక బావ రోడ్డు పక్కనే కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. బావ నా మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు సంతకం పెట్టుంటే..." అని ఆగిపోయాడు. మళ్ళీ, "మీ అక్కకి ఇదేటీ సెప్పకు. లుంగీ సంగతి అసలే సెప్పకు," అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చేశాం.

బావని ఇంటి దగ్గర వదిలి నేరుగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. బల్ల చరచడం దగ్గర ఒకసారి, వంతెన దగ్గర ఇంకోసారి చెప్పించుకున్నాడు. శెబాష్ అంటాడని ఎదురుచూశాను. ఆయన వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "నాను ఎవుణ్ణో ఒకణ్ణి ఎనక వదిలి ఎల్లాలి కదా, సామేలూ. ఇన్నేళ్ళూ అదే బెంగ. ఇంక పడుకుంటాను," అన్నాడు. ఆ ముఖంలో అంత నిశ్చింత అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత సైనికులు తిరిగొచ్చారు, ఊరు నోరు మూసుకుంది. ఆ కథ మీకూ తెలిసిందే, నాకు మళ్ళీ చెప్పాలని లేదు. ఆఫీసు తెరిచేసరికి బీరువాకి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఆ ఆఫీసరుని వేరే చోటికి మార్చారు. జ్వరం తగ్గాక మాస్టారు వచ్చి అన్నమాట ప్రకారం సంతకం పెట్టాడు, నిజంగానే కళ్ళు మూసుకుని. అది వంకరగా వచ్చింది. గది దొరికింది, పెళ్ళయింది. బావ మూటలు మోస్తూనే ఉన్నాడు, కొన్నాళ్ళకి చిన్న దుకాణం పెట్టుకున్నాడు. నేను రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పాను. నా చేత ఫెయిలైనవాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు, దారిలో కనిపిస్తే ముఖం తిప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తిప్పుకోనీ. వాళ్ళు బతికే ఉన్నారు, వాళ్ళ చేతిలో ఎవరూ పోలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఆ మాట ఒకసారి అనుకుంటాను, నిద్ర పట్టేస్తుంది. మాస్టారు నాకిచ్చిన ఆస్తి అదే.

బావకి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. అక్క ఇంట్లో భోజనానికి కొత్తవాళ్ళెవరైనా వస్తే నన్ను బామ్మర్ది అని చెప్పడు. "ఈడే నన్ను ఫెయిల్ సేసినోడు," అని ఊరంతా వినపడేలా చెప్పి, చేపల పులుసులో పెద్ద ముక్క వెతికి నా పళ్ళెంలో వేస్తాడు.